కాలరు మడతలో గొలుసుకుట్టు

ఆ వీధిలో అందరూ ఆమెను పిన్ని అనే పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరేమిటో చెప్పడానికి అత్తగారు కూడా తడుముకోవలసి వచ్చేది. "పిన్నీ, జేబు దగ్గర మరక పోలేదు చూడు", "పిన్నీ, రేపు మావాడికి ఇంటర్వ్యూ, కాస్త గట్టిగా గంజి పెట్టు" అంటూ పొద్దున లేచింది మొదలు పిలుపు మీద పిలుపు. భర్త పోయాక కూడా ఇస్త్రీ బండి ఆగలేదంటే ఆ పిలుపులే కారణం. దుఃఖంలో ఉన్న మనిషిని పని చెప్పి నిలబెట్టే మంచితనం కొన్ని వీధులకు ఉంటుంది.

తర్వాత పిన్ని అనే మాటే వాడుకలోంచి తీసేశారు.

ఒక్కసారిగా తీయలేదు. వీధి మూలన ఉన్న మైకు పొద్దున్నే వార్తలు చదివి, చివర్లో "నేటి నుంచి ఈ మాటలు వాడుకలో ఉండవు" అని కొన్ని చెప్పేది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పోయినవన్నీ పత్రికల్లో కనబడే పెద్ద పెద్ద మాటలు. అవి లేకపోతే పొయ్యి వెలగదా ఏమిటి అనుకున్నారు. తర్వాత వెక్కిరింపు మాటలు పోయాయి. ఆ తర్వాత కొన్ని పాటలు పోయాయి. ఒకనాడు అక్క, బావ, మామయ్య, వదిన, పిన్ని, వరసలన్నీ ఒకే ఊపులో కొట్టుకుపోయాయి. వరసలు పక్షపాతాన్ని పెంచుతాయట. ఇకమీదట గడప దాటితే ఎవరు ఎవరినైనా "సహవాసీ" అనే పిలవాలి. చివరికి దేవుడికి దణ్ణం పెట్టుకునే మాటలు కూడా మైకులో చెప్పినవే చెప్పాలి.

మాటల వెనకే బట్టలు వచ్చాయి. పిల్లాపెద్దా ఆడామగా అందరికీ ఒకే బూడిదరంగు చొక్కా. ఇళ్ళలో ఉతుక్కోవడం మానిపించారు. మాసినవి వార్డు లాండ్రీలో ఇచ్చి, అదే సైజువి ఉతికినవి తెచ్చుకోవాలి. నిన్న నువ్వు తొడుక్కున్నది ఇవాళ ఎవరి ఒంటిమీద ఉందో నీకు తెలియదు. నీ ఒంటిమీద ఉన్నది ఎవరిదో వాళ్ళకూ తెలియదు. పిన్ని బండి, భర్త చేతి చెమటతో పిడి నున్నబడిన ఆ ఇస్త్రీపెట్టె, రెండూ లాండ్రీలో కలిసిపోయాయి. ఆమె కూడా కలిసిపోయింది. అక్కడ ఆమె పేరు ఏడో బల్ల.

భర్త అక్కగారు, అంటే పిన్నికి వదిన, పక్క బల్ల మీద గుండీలు కుట్టేది. చిరిగినవీ కాలినవీ కత్తిరించి, కౌంటరులో ఇళ్ళకి పంచే తుడుపుగుడ్డలు చేసేది కూడా ఆవిడే. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు. తలుపు వేసుకుని, గొంతు తగ్గించి, మాటలతో ఒకరినొకరు గిల్లుకుంటూ కాలక్షేపం చేసేవారు.

గొలుసుకుట్టు కథ మెట్ల కింది గదిలో ఉండే పాపతో మొదలైంది. ఆ పిల్లది సున్నితమైన ఒళ్ళు. ఎవరెవరి చొక్కాలో తొడిగేసరికి మెడంతా పొక్కి, రాత్రంతా గీరుకుంటూ ఏడ్చేది. వాళ్ళమ్మ ఏమీ అడగలేదు. కౌంటరు దగ్గర పాప మెడ కనబడేలా ఎత్తుకుని నిలబడింది, అంతే. పిన్ని ఆ చొక్కా కాలరు మడత లోపల, అదే బూడిదరంగు దారంతో గోరంత గొలుసుకుట్టు వేసింది. మర్నాడు వందల చొక్కాల్లోంచి పాప చొక్కాను ఆమె వేళ్ళు ఇట్టే పట్టుకున్నాయి. వారం తిరిగేసరికి పాప మెడ చల్లబడింది.

తర్వాత మోచెయ్యి వంకరగా అతికిన తాతగారి చొక్కా. ఆ వంకర ఆ గుడ్డకే అలవాటు. తర్వాత కవలల్లో ఒకణ్ణి పోగొట్టుకున్న తల్లి, పోయినవాడి చొక్కా మిగిలినవాడికే రావాలని. అలా అలా వీధి వీధంతా. ఎవరూ నోరు విప్పి అడిగింది లేదు. "ఆరోగ్యం ఎలా ఉంది సహవాసీ?" అంటూ వేలితో కాలరు తాకేవారు. ఒకరికి మూడు గొలుసులు, ఒకరికి రెండు గొలుసులూ ఒక అడ్డకుట్టూ. రాసి పెట్టుకున్నది ఏమీ లేదు, అంతా వేళ్ళకే తెలుసు. ఒక్కో కుట్టుకీ పెదవి కదపకుండా ఆమె ఏదో ఒకటి అనుకునేది. మైకులో చెప్పిన మాటలు కావవి.

ఆ చొక్కాల్లో ఒకటి మాస్టారిది.

మాస్టారు బళ్ళో చిన్నపిల్లలకి చెప్పేవాడు. ఒక పాఠం మీద నల్లరంగు పూయమని ఉత్తర్వు వస్తే, పూయించాడు. కాకపోతే పూసేముందు పిల్లలందరిచేతా ఒక్కసారి పైకి చదివించాడు. ఆ సాయంత్రమే తీసుకుపోయారు. పోయిన మనిషి గురించి మాట్లాడకూడదు. ఇంట్లో ఫొటోలు తీసుకెళ్ళారు, గోడకున్న మేకు కూడా పీకారు. మగమనిషి లేని ఇంటికి పెద్ద సైజు చొక్కా ఇవ్వరు. కానీ ఆయన్ని తీసుకుపోయిన రోజున ఆయన చొక్కా ఒకటి లాండ్రీలో ఉంది. నాలుగు గొలుసులూ, చివర ఒక అడ్డకుట్టూ. పిన్ని వేళ్ళకి అది తగిలినప్పుడు, తప్పిపోయిన పిల్లాడు సంతలో ఎదురైనట్టయింది.

లాండ్రీలో బట్టలు బొత్తి పైనుంచి ఇస్తారు. అందుకని ఆ చొక్కాను పెద్ద సైజు బొత్తికి అడుగున పెట్టింది. కౌంటరు వంతు తనకు వచ్చిన రోజున దుప్పటి మడతలో పెట్టి ఇవ్వాలని ఆమె ఆలోచన. మాస్టారి భార్య వచ్చినప్పుడు, "గురువారం సాయంత్రం రండి సహవాసీ, దుప్పటి మారుస్తాను" అంది. అంతకన్నా చెప్పలేదు. ఆవిడ కళ్ళు చూస్తే అంతకన్నా అక్కర్లేదని తెలిసింది.

ఆ గురువారం పొద్దున పిన్ని తల దువ్వుకుంటూ అద్దం ముందు కాస్త ఆగింది.

"ఏమే మరదలా, ఏమిటా ముస్తాబు?" అంది వదిన.

"పెళ్ళిచూపులకి వెళ్తున్నా వదినా. నువ్వు కూడా వస్తావా? మాట్లాడేవాళ్ళు కావాలిగా."

"నేనొస్తే నన్నే చేసుకుంటారు. అది సరేగానీ, ఇవాళ కౌంటరు నీదే కదా. ఎవరికో ఏదో మాటిచ్చావు."

"నేనా? ఎవరికి?"

"నటించకు. నీకు చేతకాదు. చెవులు ఎర్రబడతాయి." వదిన గొంతు తగ్గించింది. "చొక్కా ఇస్తే మనిషి తిరిగొస్తాడా?"

"రాడు. కానీ ఆయన ఉండేవాడు అనడానికి ఆ ఇంట్లో ఒక్కటైనా ఉండాలి కదా వదినా. మేకు కూడా పీకేశారు."

వదిన చాలాసేపు చెప్పులు వెతుకుతున్నట్టు నటించింది. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. "నేనేమీ వినలేదు. నాకు చెవుడు," అని తలుపు తీసింది.

మధ్యాహ్నం తనిఖీ అధికారి వచ్చాడు. వెనక ఇద్దరు గార్డులు. లాండ్రీలో ఆయన్ని గంజిదొర అనుకునేవారు, నోరు విప్పకుండా, మనసులోనే. మెడ తిప్పడు, తిరగాలంటే నిలువునా తిరుగుతాడు. ఎప్పుడూ కసురుకోడు. అదే భయం. కసిరేవాడి కోపం ఎంతవరకు పోతుందో తెలుస్తుంది, మర్యాదగా మాట్లాడేవాడిది తెలియదు.

"పని ఆపకండి సహవాసులారా. పక్క వార్డులో ఒక చొక్కా కాలరులో దారం గుర్తు దొరికింది. ఏ లాండ్రీదో తెలియదు. ఇవాళ ఇక్కడ ప్రతి కాలరూ తిప్పి చూస్తాను. ఒకటో బల్ల నుంచి."

పిన్ని తన బల్ల వైపు చూసింది. బల్ల మీద వీధి మొత్తం ఉంది.

"ఇంకొక మాట. ఇక నుంచి బట్టలు బొత్తి అడుగునుంచి తీసి ఇవ్వాలి. పైన ఏది పెడితే ఎవరికి వెళ్తుందో ముందే లెక్క వేసుకునే వీలుంది. అది మంచిది కాదు." ఆయన చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. దాన్ని చూసుకుని, "నాతోనే మొదలుపెడదాం," అన్నాడు.

నిలువునా తిరిగి ఏడో బల్ల పక్కకి వచ్చాడు. పెద్ద సైజు బొత్తి దగ్గర వంగి, అడుగున చెయ్యి పెట్టి లాగాడు.

తెర చాటుకి వెళ్ళి మార్చుకుని వచ్చాడు. మాస్టారి చొక్కా ఆయనకి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఆ చొక్కాతోనే ఒకటో బల్ల దగ్గరికి వెళ్ళి, మొదటి కాలరు తిప్పి, వెలుతురుకి పట్టి చూశాడు.

దొంగ గుర్తును మెడకి తగిలించుకుని దొంగ గుర్తుకోసం వెతుకుతున్నాడు. ఇంకెప్పుడైనా అయితే పిన్ని ఆ రాత్రి వదినకి చెప్పి కడుపుబ్బ నవ్వేది.

గొలుసుకుట్టుకి ఒక గుణం ఉంది. చివర పట్టుకుని లాగితే మొత్తం ఒక్క పోగై వచ్చేస్తుంది. ఆమె చేతులు ఇస్త్రీ చేస్తూనే ఉన్నాయి. చొక్కా పరిచి, కాలరు తిప్పి, గోటితో చివర పట్టుకుని లాగింది. మెట్ల గది పాప పోయింది. పెట్టె నడిపించి, మడిచి, ఇంకోటి పరిచింది. వంకర మోచేతి తాతగారు పోయారు. కవలల తల్లి పోయింది. ఒక్కో లాగుడుకీ ఒక్కో ఇల్లు వందల్లో కలిసిపోతోంది. 'క్షమించండి నాయనా, క్షమించండి తల్లీ' అనుకుంటూ లాగింది. గుప్పెట్లో దారాలు చెమటకి ముద్దవుతున్నాయి. ఎక్కడ పారేయాలి? నేల మీద పడితే కనబడతాయి.

కాలికి ఏదో చల్లగా తగిలింది. చూస్తే వదిన దారపు ముక్కలు వేసుకునే రేకుడబ్బా. గుండీల బల్ల కింద ఉండవలసింది ఇటు జరిగి వచ్చింది. వదిన మాత్రం తల వంచుకుని, సూదిలోకి దారం ఎక్కడం లేదని సూదిని తిట్టుకుంటోంది.

పిన్ని గుప్పెడు విప్పింది. దారాల్లో దారాలు కలిసిపోయాయి.

చివరి చొక్కా మడిచేసరికి ఆయన ఏడో బల్ల ముందు ఉన్నాడు. తొందర లేకుండా ఒక్కొక్క కాలరూ తిప్పాడు. మధ్యలో ఒకదాని దగ్గర ఆగాడు. కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇక్కడ సూది రంధ్రాలున్నాయి."

జవాబు పక్క బల్ల నుంచి వచ్చింది.

"కాలరు ఊడితే నేనే వేశాను సహవాసీ. నా కుట్టు అలాగే ఏడుస్తుంది. సూదెక్కడ, గుడ్డెక్కడ, నా కళ్ళెక్కడ! కళ్ళద్దాలకి అర్జీ పెట్టి ఏడాది దాటింది. మీ ఆఫీసులోనే ఉంది. మీరైనా కాస్త చూస్తే మీ పేరు చెప్పుకుని..."

"చూస్తాం," అన్నాడు ఆయన, అర్జీల సంగతి వస్తే ఆఫీసువాళ్ళందరూ అనే తీరులోనే. చొక్కా కింద పెట్టాడు. బల్ల అయిపోయింది. ఏమీ దొరకలేదు.

వెళ్ళబోతూ మెడ రుద్దుకున్నాడు. మళ్ళీ రుద్దుకున్నాడు. వేలు కాలరు లోపలికి పోనిచ్చాడు.

"ఏదో గుచ్చుకుంటోంది."

"గంజి ఎక్కువైంది సహవాసీ," అంది పిన్ని. తన గొంతు తనకే ఎక్కడినుంచో వినబడింది. "అంచు బిరుసెక్కింది. ఇటివ్వండి, మెత్తబరుస్తాను. ఈలోగా ఇంకోటి తొడుక్కోండి."

"అక్కర్లేదు. మాటిమాటికీ మార్చడం దుబారా. త్వరగా చేసి ఇదే ఇవ్వండి."

విప్పి ఇచ్చి, అక్కడే నిలబడ్డాడు. చొక్కా లేకుండా చూస్తే ఆయనా అందరిలాంటి మనిషే. సన్నని భుజాలు, మెడ మీద చెమటకాయలు, ఎముక దగ్గర గుండ్రటి పుట్టుమచ్చ. ఆ మచ్చ ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది, వాళ్ళమ్మకైనా, అనిపించింది పిన్నికి. అంత భయంలోనూ ఆయన మీద జాలి కలిగింది.

చొక్కా ఆమె చేతిలో ఉంది. వేలికింద నాలుగు గొలుసులూ, ఒక అడ్డకుట్టూ. లాగితే చాలు. తను బతికి బయటపడుతుంది, ఆయన ఈ చొక్కా తొడుక్కుని వెళ్ళిపోతాడు. రేపటికి ఇది ఏ బొత్తిలో ఉంటుందో దేవుడికే తెలియాలి. వీధి వీధంతా పోయింది, మిగిలింది ఇది ఒక్కటే.

అద్దం తలుపు అవతల సాయంత్రం జనం వరస కట్టారు. ముందువైపే మాస్టారి భార్య, దుప్పటి చంకన పెట్టుకుని ఉంది.

పిన్ని కాలరును అడుక్కి మడిచింది. చొక్కా వీపుభాగం పైకి వచ్చేలా పరిచింది. ఇస్త్రీపెట్టె దించింది. దించి, తీయలేదు. కళ్ళు మూసుకుని, ప్రతి కుట్టుకీ అనుకునే ఆ మాటలే మొదటినుంచి చివరిదాకా నిదానంగా అనుకుంది.

పొగ లేచింది.

"ఏడో బల్లా!" మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "ఏం చేస్తున్నారు?"

పెట్టె ఎత్తేసరికి వీపు మీద గోధుమరంగులో పెట్టె ఆకారం. బల్లల దగ్గర తలలన్నీ లేచాయి. బండి రోజుల నుంచి ఇప్పటిదాకా పిన్ని చేతిలో గుడ్డ కాలడం ఎవరూ చూడలేదు. ఆమె కూడా ఆ మచ్చను ఎవరో పరాయివాళ్ళు చేసినట్టు చూసింది.

"తప్పయింది సహవాసీ. చెయ్యి మొద్దుబారింది."

"చెయ్యి మొద్దుబారితే ఇస్త్రీ ఎందుకు? రేపటినుంచి కాగుల గది." మళ్ళీ మర్యాద తెచ్చుకున్నాడు. "రేపటినుంచి కాదు, ఇప్పటినుంచే."

కాగుల గది అంటే చాకలిసోడా నీళ్ళు మరిగే చోటు. అక్కడ చేసినవాళ్ళ అరచేతుల్లో గీతలు కూడా మిగలవు. పిన్ని తలూపింది. ఇస్త్రీపెట్టె పిడిని ఒక్కసారి నిమిరి, దాని గూట్లో పెట్టింది.

ఆయన ఇంకో చొక్కా లాగి తొడుక్కుంటూ, కాలినదాన్ని వదిన ముందుకి తోశాడు. "నా ఎదుటే కత్తిరించండి. నిబంధన ప్రకారం నాలుగు ముక్కలు."

వదిన కత్తెర తీసుకుంది. కళ్ళు కనబడవని ఇందాకే చెప్పింది కదా, అలాగే ముక్కు దగ్గర పెట్టుకుని కత్తిరించింది. కాలిన వీపులోంచి ఒక ముక్క. దాని పక్కన ఇంకోటి. కింద ఇంకోటి. మిగిలింది నాలుగోది. రెండు చేతులూ, ముందు భాగం, కాలరూ, అన్నీ దానికే ఉన్నాయి.

"నాలుగు," అంది వదిన.

నిబంధనలో నాలుగు అని ఉంది గాని, సమానం అని లేదు. ఆయన ఒక్క క్షణం చూశాడు. గుండీలు పెట్టుకుంటూ గార్డులతో మాట్లాడటానికి తలుపు వైపు నడిచాడు.

కౌంటరుకి పిన్ని బదులు వదిన వెళ్ళింది. పిన్ని కాగుల గది గుమ్మంలో, ఆవిరిలో నిలబడి చూస్తోంది. మాస్టారి భార్య ముఖం కౌంటరులో వేరే మనిషిని చూసి వాడిపోయింది. దుప్పటి ఇచ్చి, వేరేది తీసుకుని, వెనక్కి తిరగబోయింది.

"తుడుపుగుడ్డలు తీసుకోండి సహవాసీ."

"వద్దండీ. ఉన్నాయి."

"ఉంటే మాత్రం? నేల తుడవరా ఏం?"

"నిజంగా అక్కర్లేదండీ."

"అబ్బబ్బ, ఏం మొహమాటం! వెనక ఇంతమంది నిలబడ్డారు. ఇస్తున్నప్పుడు పుచ్చుకోవాలి!" వదిన గుడ్డల చుట్టను ఆవిడ చేతుల్లోకి కుక్కినంత పని చేసింది.

చుట్ట జారిపోతుంటే ఆవిడ పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి గుడ్డలో ఒకచోట ఆగింది. వేళ్ళు మెల్లగా కదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అడ్డకుట్టు.

ఆవిడ తలెత్తి, కౌంటరు మీదుగా, ఆవిరిలో నిలబడ్డ మనిషిని వెతుక్కుంది. నిబంధన ప్రకారం 'కృతజ్ఞతలు సహవాసీ' అనాలి.

"వెళ్ళొస్తాను పిన్నీ!"

బళ్ళో పాఠం అప్పజెప్పినంత స్పష్టంగా అంది. లాండ్రీ మొత్తం బిగుసుకుపోయింది. కాగులు మరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తలుపు దగ్గర గంజిదొర నిలువునా తిరిగాడు.

"ఎవరు? ఆ మాట ఎవరన్నారు?"

వరసంతా బూడిదరంగు. ఒకే చొక్కా, ఒకే కత్తిరింపు జుట్టు, ఒకేలా వంచిన తలలు, అందరి చంకల్లో ఒకేలాంటి దుప్పట్లు. ఆయన మొదటినుంచి చివరిదాకా చూశాడు. మళ్ళీ చివరినుంచి మొదటిదాకా చూశాడు. వంకర మోచేతి తాతగారు ఒక అడుగు ముందుకు జరిగారు. పాపను ఎత్తుకున్న తల్లి ఇంకొక అడుగు జరిగింది. వరస ఎప్పటిలాగే కదిలింది. అందులోంచి ఒకావిడ తుడుపుగుడ్డలు గుండెకి అదుముకుని, ఆయన పక్కనుంచే వీధిలోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గదిలో వదిన కొబ్బరినూనె తెచ్చి పిన్ని చేతులు ముందుకు లాగింది. ఒక్క పూటకే వేళ్ళు ఉబ్బి, ఎర్రగా ఉన్నాయి.

"ఇస్త్రీ నీకు చేతకాదని మా తమ్ముడికి పెళ్ళైన కొత్తలోనే చెప్పాను. విన్నాడా?"

పిన్ని నవ్వబోయింది, ఏడుపు వచ్చింది. "అందరివీ లాగేశాను వదినా. పాప మెడ మళ్ళీ పొక్కుతుంది."

వదిన నూనె రాస్తూనే ఉంది. కాసేపటికి తన చొక్కా అంచునుంచి సూది తీసింది. బూడిదరంగు దారం అప్పటికే ఎక్కించి ఉంది. ఒక పాత గుడ్డపేలిక మోకాలి మీద పరిచింది.

"గుండీలకోసం చొక్కాలు నా బల్ల మీదకి కూడా వస్తాయిగా. మొదటి గొలుసు ఎక్కడ పట్టుకోవాలో చెప్పు. తొందరగా చెప్పు, నాకు ఓపిక తక్కువ."

పిన్ని వాచిన వేలితో చూపించింది. వదిన కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ వేసింది.

"కుట్టేటప్పుడు లోపల ఏదో గొణుక్కుంటావు కదా, అది కూడా చెప్పు. సగం నేర్చుకోవడం నాకు పడదు."

పిన్ని తల అడ్డంగా ఊపింది.

"అది మాత్రం నేను చెప్పకూడదు వదినా. నీది నువ్వే అనుకోవాలి."